రీలు చివర మిగిలిన బొమ్మలు

కోలారు బంగారు గనుల చరిత్ర రాసినవాళ్ళు దాదాపు అందరూ బంగారంతోనే మొదలుపెట్టారు. ఏ ఏడు ఎన్ని ఔన్సులు తీశారు, ఏ షాఫ్టు ఎన్ని అడుగుల లోతుకు దిగింది, లండనులో వాటాదార్లకు ఎంత లాభం ముట్టింది - ఇవన్నీ అచ్చులో ఉన్నాయి. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ వచ్చింది మొదలు 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడేదాకా నూట ఇరవై ఏళ్ళ లెక్క దొరుకుతుంది. ఎనిమిది వందల టన్నులకు పైగా బంగారం పైకి వచ్చిందనీ, చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు మించి లోతుకు పోయిందనీ మా ఊళ్ళో బడిపిల్లలు కూడా చెబుతారు. కాని ఆ లోతుకు దిగినవాడి ఇల్లు ఎట్లా ఉండేది, వాకిట్లో నిలబడితే ఏమి కనిపించేది, పండుగనాడు అతని ఇంట్లోవాళ్ళు ఎట్లా తయారయ్యేవాళ్ళు అని అడిగితే ఆ పుస్తకాలు పలకవు.

ఆ సంగతులు వేరేచోట ఉన్నాయి. ట్రంకుపెట్టెల అడుగున, బిస్కట్ డబ్బాల్లో, పాత పెళ్ళిపత్రికల కట్టల నడుమ ఉన్నాయి. మామూలు మనుషులు మామూలు కెమెరాతో తీసుకున్న నలుపు-తెలుపు పటాలు అవి. వాటిని ఎవరూ చరిత్ర అనుకోలేదు, తీసినవాళ్ళూ అనుకోలేదు. ఆ పటాలను చరిత్రగా ఎట్లా చదవవచ్చో చెప్పడానికే ఈ వ్యాసం. మాది గనుల ఊరు కాబట్టి ఉదాహరణలు ఇక్కడివి. హోసూరులోనో షోలాపూరులోనో బరంపురంలోనో యానాంలోనో ఉన్న పాఠకులు గని అన్నచోట తమ మగ్గాన్నో చెరువునో రేవునో పెట్టుకుని చదువుకోవచ్చు.

ముందు మా సంగతి రెండు మాటల్లో. కోలారు జిల్లాలో తెలుగు వలసవచ్చిన భాష అని పై ఊళ్ళవాళ్ళు అనుకుంటారు. ముళబాగిలు, శ్రీనివాసపురం వైపు పల్లెల్లో ఎన్ని తరాలుగానో ఇంటి భాష తెలుగే. గనుల్లోకి మాత్రం మనవాళ్ళు బయటి నుంచీ వచ్చారు. తమిళ జిల్లాల కూలీలతో పాటు పుంగనూరు, పలమనేరు, కుప్పం సీమలవాళ్ళు వచ్చారు. ఆ సీమలు 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా ఉత్తర ఆర్కాడులోనివే. బౌరింగ్‌పేట - ఇప్పటి బంగారుపేట - నుంచి గనులకు రైలు 1894లో వచ్చింది. 1902లో శివసముద్రం నుంచి కరెంటు వచ్చింది. మా తాత పుంగనూరు పక్క పల్లె నుంచి ఆ రైల్లోనే దిగాడని మా అవ్వ చెప్పేది. లైన్లలో గది, మిల్లులో పని. అంతే మా వంశచరిత్ర.

ఈ దేశంలో ఫోటోగ్రఫీ మొదట మనలాంటివాళ్ళ కోసం రాలేదు. మద్రాసు ప్రభుత్వం లినేయస్ ట్రైప్ అనే సైనికాధికారిని 1856 నుంచి 1860 వరకు ఫోటోగ్రాఫరుగా పెట్టుకుంది. అతను 1858లో తీసిన మదురై, తంజావూరు పటాలు ఈనాటికీ చూడదగినవి. తంజావూరు పెద్దగుడి పీఠం మీది శాసనాన్ని ఇరవై ఒక్క పటాలుగా తీసి, ఒకదాని పక్కన ఒకటి అతికి పొడుగాటి చుట్టగా చేశాడు. గోపురం, మండపం, రాతిలోని అక్షరం - ఇవి అతనికి కావలసినవి. అప్పటి పద్ధతిలో కెమెరా చాలాసేపు కన్ను తెరుచుకుని ఉండాలి. రాయి కదలదు గనుక నిలిచింది, దారినపోయే మనిషి కదిలాడు గనుక నిలవలేదు.

తెలుగునాట పేరెన్నికగన్న తొలి ఫోటోగ్రాఫరు అంటే రాజా దీన్‌దయాళ్‌నే చెప్పుకోవాలి. 1844లో పుట్టి 1905లో పోయాడు. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థానంలో పనిచేశాడు. ఘోషా స్త్రీల కోసం 1892లో హైదరాబాదులో ప్రత్యేకంగా ఒక స్టూడియో పెట్టి దాన్ని ఒక ఆంగ్ల వనిత చేతికి అప్పగించాడు. అక్కడికి వెళ్ళగలిగినవాళ్ళు నవాబులూ సంస్థానాధీశులూ. గనుల ఊళ్ళోనైనా అంతే. యంత్రం, షాఫ్టు, దొరల బంగళా పటానికి ఎక్కేవి. కూలివాడు ఆ పటంలో ఉంటే యంత్రం ఎంత పెద్దదో తెలియడానికి పక్కన నిలబెట్టిన కొలబద్దగా ఉండేవాడు. పటం కింద యంత్రం పేరు ఉండేది, అతని పేరు ఉండేది కాదు.

మనవాళ్ళు మొదట పటంలోకి ఎక్కింది స్టూడియోలో. పెళ్ళయిన కొత్తలో, బిడ్డ పుట్టినప్పుడు, పెద్దవాళ్ళు మంచాన పడేలోపల ఒకసారి స్టూడియోకు పోయి పటం తీయించుకోవడం ఆచారమైంది. అక్కడ వెనక ఒక తెర. తెర మీద కొలను, కొలనులో హంస, అవతల మేడమెట్లు. బయట వీధిలోకి వస్తే అసలైన కొండలు, షాఫ్టు మీద తిరిగే చక్రాలు, వెన్నెల్లో వెండిలా మెరిసే మిల్లు మట్టి దిబ్బలు ఉన్నాయి. వాటిని కాదని బొమ్మ కొలను ముందు నిలబడ్డారెందుకని నేటివాళ్ళు నవ్వుతారు. నాకు నవ్వు రాదు. రోజూ ఎనిమిది గంటలు భూమి లోపల ఉండేవాడికి, పైకి వచ్చాక కూడా అదే గనిని వెనక పెట్టుకుని నిలబడాలని ఎందుకు ఉంటుంది? ఆ తెర అతను కోరుకున్న ఊరు. దాన్నీ చరిత్రగానే చూడాలి.

స్టూడియో తెరను దాటి ఊరు పటంలోకి రావడానికి కెమెరా ఇంటికి రావలసి వచ్చింది. పరదేశాల్లో ఆ పని ముందే జరిగింది. ఈస్ట్‌మన్ 1888లో కోడాక్ కెమెరాను, 1900లో ఒక్క డాలరు బ్రౌనీని అమ్మాడు. మనం 120 అని పిలిచిన రీలు 1901 నాటిది. మన ఇళ్ళకు అది చేరడానికి మరో అరవై ఏళ్ళు పట్టింది. స్వాతంత్ర్యం వచ్చాక విదేశీ సరుకు దిగుమతికి ఆంక్షలుండేవి. కాబట్టి దేశంలోనే తయారీ మొదలైంది. బరోడాలో ఆగ్ఫా క్లిక్-3 కెమెరా తయారైంది. ఉదకమండలంలో ప్రభుత్వం హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ అనే ఫ్యాక్టరీ పెట్టింది. 1960లో సంస్థ ఏర్పడితే, ఒక ఫ్రెంచి కంపెనీ సాంకేతిక సహాయంతో 1967లో ఉత్పత్తి మొదలైంది. ఫిల్ముకు దుమ్ము పనికిరాదు, చల్లదనం కావాలి. నీలగిరిని ఎంచుకోవడానికి అదే కారణం. ఆ ఫిల్ము పేరు 'ఇందు'. తూర్పు జర్మనీ నుంచి ఆర్వో రీళ్ళూ వచ్చేవి.

మా నాయన 1968లో క్లిక్-3 కొన్నాడు. అది నల్లటి చిన్న పెట్టె. ఎండకు ఒక గుర్తు, మబ్బుకు ఒక గుర్తు ఉండేవి. అంతకుమించి తిప్పవలసిందేమీ లేదు. సూర్యుణ్ణి వీపు వెనక పెట్టుకుని, కదలకుండా పట్టుకుని నొక్కడమే. వెనక ఎర్రటి చిన్న కిటికీలోంచి అంకె కనిపించేది. ఒకటి నుంచి పన్నెండు దాకా. పన్నెండు కాగానే రీలు తీసి, కాగితం పట్టీ నాలుకతో తడిపి అంటించి, స్టూడియోలో కడగడానికి ఇచ్చేవాళ్ళం.

ఆ పన్నెండు అనే అంకె మీదనే నా వాదమంతా ఆధారపడి ఉంది. రీలు చవక కాదు, కడిగించడం అంతకన్నా చవక కాదు. కాబట్టి ప్రతి బొమ్మకూ ముందే లెక్క ఉండేది. తిరునాళ్ళకు మూడు, బిడ్డ పుట్టువెంట్రుకలకు రెండు, ఊరినుంచి వచ్చిన మేనత్తకు ఒకటి, తాత ఒక్కడికీ ఒకటి. ఇట్లా తొమ్మిదో పదో అయ్యేసరికి సందర్భాలు అయిపోయేవి. ఇంకో పండుగ వచ్చేదాకా ఆగుదామంటే తీసిన బొమ్మలు చూడాలని ఇంటిల్లిపాదికీ ఆత్రం. అప్పుడు మా అమ్మ అనేది: "ఇంగా రెండు ఉండాయి గదా, ఊరికే పోనిస్తే ఎట్లా? ఏందో ఒకటి తీసెయ్యి."

ఆ 'ఏదో ఒకటి' ఏమిటి? వాకిట్లోకి వచ్చి కనిపించిందల్లా తీయడమే. ఎదురుగా సైనైడ్ దిబ్బ, దాని మీద ఆడుకునే పిల్లలు, షాఫ్టు మీది ఇనుప గోపురం, షిఫ్టు వదిలాక దారి నిండా సైకిళ్ళు, వానకు నిండిన గుంట, కొళాయి దగ్గర బిందెల వరుస. మా ఇంట్లో మిగిలిన నెగెటివులు అన్నీ ఎత్తి చూశాను. ముప్పై ఒక్క రీళ్ళు. వాటిలో ఊరు కనిపించేవి, అంటే మనుషుల్ని నిలబెట్టి తీయనివి, దాదాపు అన్నీ పదకొండు, పన్నెండు అంకెల దగ్గరే ఉన్నాయి. మా ఊరి ప్రకృతి దృశ్యాలు కళాదృష్టి వల్ల పుట్టినవి కావు, పొదుపు వల్ల పుట్టినవి. డబ్బు దండగ కాకూడదని నొక్కిన బొమ్మలు నేడు అన్నిటికన్నా విలువైనవిగా తేలాయి. తాత ముఖం మా ఒక్క ఇంటిది, ఆ దిబ్బ ఊరందరిదీ.

రీలును రీలుగా చూడడంలో మరో లాభం ఉంది. ఆల్బంలో బొమ్మలు మనం పేర్చిన వరుసలో ఉంటాయి. పెళ్ళి ముందు, చావు చివర. నెగెటివులో మాత్రం జరిగిన వరుసే ఉంటుంది. ఒక రీలులో గంగమ్మ జాతర, ఆ వెంటనే గోడకు బీట, తరవాత కొత్త గుడ్డల్లో పిల్లలు. గని లోపల రాతి ఒత్తిడి వల్ల పేలుళ్ళు జరిగేవి. పైన ఇళ్ళు అదిరేవి. ఆ బీట అటువంటి రాత్రిది. మరునాడు పండుగ ఆగలేదు. రోజువారీ బతుకంటే ఇదేనని ఆ మూడు బొమ్మలు పక్కపక్కన నిలిచి చెబుతాయి. ఆల్బంలో అతికించినప్పుడు గోడ బీటను తీసేశారు. నెగెటివు లేకపోతే అది నాకు తెలిసేది కాదు.

ఇక్కడ రసాయనాల గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే గనికీ ఫోటోకూ ఉన్న బంధుత్వం అందులో ఉంది. ఫిల్ము మీద పూసింది వెండి లవణం. వెలుగు తగిలిన చోట డెవలపరు దాన్ని నల్లటి వెండిగా మారుస్తుంది. తగలని చోటిది హైపోలో కరిగిపోతుంది. అంటే మన ఇంట్లో ఉన్న ప్రతి నలుపు-తెలుపు పటంలోనూ మన తాతల ముఖాలు వెండితో రాసి ఉన్నాయి. 1851లో ఆర్చర్ కనిపెట్టిన తడి అద్దపు పలకల రోజుల్లో హైపోకు బదులు పొటాషియం సైనైడ్ కూడా వాడేవాళ్ళు. ఆనాటి పటాల రంగు నిలవడానికి బంగారు క్లోరైడులో ముంచేవాళ్ళు. అదే సైనైడ్ 1887లో మెకార్థర్, ఫారెస్టు సోదరులు కనిపెట్టిన పద్ధతిలో రాతిపొడిలోంచి బంగారాన్ని కరిగించి తీసే సాధనమైంది. ఆ పద్ధతి మా మిల్లులకు వచ్చాక, బంగారం పోగా మిగిలిన పొడి గుట్టలుగా పేరుకుంది. మా వాకిటి ముందరి దిబ్బలు అవే. ఫోటో తీసిన వస్తువూ, ఫోటో అనే వస్తువూ ఒకే విద్యలో పుట్టిన దాయాదులు.

పాత పటాలు చదివేటప్పుడు ఆ రసాయనం చేసే మాయను కూడా తెలుసుకోవాలి. పూర్వపు పలకలకు నీలం బాగా తగిలేది, పసుపూ ఎరుపూ తగిలేవి కావు. అందుకే ఆ రోజుల పటాల్లో ఆకాశం ఉత్త తెలుపు. నుదుట కుంకుమ నల్లగా పడుతుంది, పసుపు రాసుకున్న ముఖం ఉన్నదానికన్నా నలుపుగా కనిపిస్తుంది. మా అవ్వ పటం చూసి "అంత నలుపా?" అని మనవరాళ్ళు అడుగుతుంటారు. అది ఆమె రంగు కాదు, ఆ పూట ఆమె రాసుకున్న పసుపు. తెలియనివాడు ఆ పటం నుంచి ఏదో జాతిలక్షణం రాసేసుకుంటాడు. తెలిసినవాడు ఆనాడు ఇంట్లో శుభకార్యం జరిగిందని చదువుతాడు.

ఇక పటం వెనకవైపు. భాష దూరమవుతున్న మనకు అదే ముఖ్యం. మా ఇంటి పటాల వెనక 1940ల నాటివి తాత స్నేహితుడెవరో రాసినవి, గొలుసుకట్టు తెలుగు. మా నాయన రాసినవి గుండ్రని బడి తెలుగు. '12వ తేది, బేతమంగళం చెరువు కాడ, అందరము' అని ఉంటుంది ఒకటి. ఆ 'కాడ' మా మాట. ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు, ఆ పటం వెనక ఉంది. 1970లకు వచ్చేసరికి మా అక్క కన్నడంలో రాసింది, బడి భాష అదే కనుక. పక్కింటివాళ్ళు మాకిచ్చిన పటాల వెనక తమిళం. 1980లు దాటాక ఇంగ్లీషులో తేదీ ఒక్కటే. రంగు పటాలు వచ్చాక అదీ లేదు. పటం ముందువైపు ఊరు ఎట్లా మారిందో చూపితే, వెనకవైపు మనం ఎట్లా మారామో చూపుతుంది. నేడు నా మనవడు ముందువైపు చూసి అందరినీ గుర్తుపట్టగలడు. వెనకవైపు చదవలేడు.

నలుపు-తెలుపు కాలం ఎక్కువ రోజులు నిలవలేదు. 1980ల చివరికి రంగు రీళ్ళు, గంటలో కడిగిచ్చే యంత్రాలు పట్నాల్లోకి వచ్చాయి. 1991 తరవాత దిగుమతులు సులువయ్యాయి. ఉదకమండలం ఫ్యాక్టరీ నష్టాల్లో పడి కోలుకోలేదు. 2014లో కేంద్రం దాన్ని మూసేయాలని నిర్ణయించింది. కోడాక్ కంపెనీయే 2012 జనవరిలో దివాలా రక్షణ కోరింది. ఇందులో ఒక విచిత్రం ఉంది. మా ఇంట్లో 1968 నాటి నలుపు-తెలుపు పటం ఈనాటికీ గట్టిగా ఉంది, 1988 నాటి రంగు పటం ఎర్రబారి వెలిసిపోయింది. వెండి నిలుస్తుంది, రంగు నిలవదు. అందువల్ల గనుల చివరి పదేళ్ళ జ్ఞాపకమే మాకు అన్నిటికన్నా ముందు చెరిగిపోతున్నది.

2001లో గనులు మూతపడ్డాక ఊరు చెదిరింది. తెల్లవారుజామున రైలెక్కి బెంగుళూరు పోయి రాత్రికి తిరిగివచ్చేవాళ్ళు కొందరు, మొత్తానికే వెళ్ళిపోయినవాళ్ళు కొందరు. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు పాత్రలు వెంట పోతాయి, దేవుడి పటాలు పోతాయి. నెగెటివుల డబ్బా మాత్రం చిత్తుకాగితాలవాడి తూకానికి పోతుంది. చేతిలో పట్టుకుంటే ముఖాలు నల్లగా, జుట్టు తెల్లగా కనిపించే ఆ ముక్కలను ఎవరు ఉంచుకుంటారు?

ఈలోగా మా ఊరికి కొత్త పేరు వచ్చింది. 2018లోనూ 2022లోనూ వచ్చిన కన్నడ చిత్రాలు కె.జి.ఎఫ్. అనే మూడక్షరాలను దేశమంతా మోగించాయి. తెలుగులోనూ జనం విరగబడి చూశారు. అది కల్పిత కథ, కథకు తగ్గట్టు నల్లటి మసి, సంకెళ్ళ బానిసలు. కల్పనను తప్పుపట్టను. కాని ఇప్పుడు ఎక్కడికి పోయి మాది ఫలానా ఊరు అన్నా, ఎదుటివాళ్ళ కళ్ళముందు ఆ నల్లటి ఊరే. మా పటాల్లో ఊరు తెల్లగా ఉంటుంది. దిబ్బలు తెల్లన, లైన్ల గోడలకు సున్నం తెల్లన, ఆదివారం పూట ఉతికిన చొక్కాలు తెల్లన. కష్టం ఉంది, గాలికి లేచే దిబ్బ దుమ్మూ ఉంది. జాతరా ఉంది, బంతాటా ఉంది, కడుపునిండా నవ్విన ముఖమూ ఉంది. ఆ ఊరికి సాక్ష్యం ఏదంటే చూపడానికి మా దగ్గర ఉన్నది ఈ డబ్బాలే.

దిబ్బలు కూడా శాశ్వతం కావు. పదమూడు దిబ్బల్లో మూడు కోట్ల టన్నులకు మించిన మట్టి ఉంది. అందులో ఇంకా కొంత బంగారం మిగిలి ఉంది. దాన్ని మళ్ళీ శుద్ధి చేసే ప్రతిపాదనకు 2024 జూన్‌లో కర్ణాటక మంత్రివర్గం ఒప్పుకుంది. వెయ్యి ఎకరాలకు పైగా నేల అది. పని దొరుకుతుందంటే సంతోషమే. మా పిల్లలు రైలెక్కే బాధ కొంత తప్పవచ్చు. కాని దిబ్బ తరిగిన నాడు, మూడు తరాలు తలుపు తీయగానే చూసిన దృశ్యం తరుగుతుంది. దాన్ని ఇంటి వాకిట్లోంచి, ఇంటివాళ్ళ కంటి ఎత్తు నుంచి చూపేవి రీలు చివర మిగిలిన ఆ రెండు బొమ్మలే.

కాబట్టి పాఠకులకు నా విన్నపం ఇది. మీ ఊరు ఏదైనా సరే, ఇంట్లో నెగెటివులుంటే పారేయవద్దు. డబ్బా తెరవగానే పులిసిన వాసన వస్తే ఆ ఫిల్ము చెడడం మొదలైందని అర్థం. దాన్ని మిగతావాటి నుంచి వేరుచేసి గాలి ఆడే చోట పెట్టి, ముందుగా దానికే నకలు తీయించండి. కిటికీ వెలుగుకు ఎదురుగా పట్టి సెల్‌ఫోనుతో తీసి రంగులు తిరగేసినా ముఖాలు తెలుస్తాయి. వరుస కలపవద్దు, కత్తిరించవద్దు. పటాలను బంకతో అతికించవద్దు. వెనక మెత్తటి పెన్సిలుతో పేరు, ఊరు, ఏడు రాయండి. తెలుగులో రాయండి, దాని కిందనే మీ పిల్లలు చదవగల లిపిలోనూ రాయండి. తెలుగు రాయకపోతే మన మాట పోతుంది, రెండోది రాయకపోతే ఆ మాట ఎవరికీ చేరదు.

అన్నిటికన్నా ముందు, ఎనభై దాటిన పెద్దవాళ్ళు ఇంట్లో ఉంటే ఈ ఆదివారమే వాళ్ళ పక్కన కూర్చుని డబ్బా తెరవండి. ముఖాల పేర్లు వాళ్ళు ఎట్లాగూ చెబుతారు. మీరు వెనక కనిపించే చెట్టు గురించి, బావి గురించి, గోడ గురించి అడగండి. ఆ చెట్టు ఎవరు నాటారో, ఆ బావి ఎప్పుడు పూడిందో, ఆ గోడ అవతల ఎవరు కాపురముండేవారో వాళ్ళకు తెలుసు. వాళ్ళు చెబుతూ ఉండగా మీరు రాసుకోండి.